బాపు బండి పద్యానికి సంజీవని టీక

అవతారిక

తెలంగాణకు వ్యాఖ్యాతలు కొత్త కాదు. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. చెడ్డ వ్యాఖ్యల విషం ఎక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాణిని లేపడానికే తన టీక అని ఆయన చెప్పుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని మరో మాట కూడా ఇచ్చాడు. ఆ కొల్చారానికి ఉత్తరాన సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పట్టణాల్లో వాకిళ్లలో మూర్ఛపోయి ఉన్న బండ్లకు లెక్క లేదు. కావ్యాల సంగతి పెద్దాయన చూసుకున్నాడు గనుక బండ్ల సంగతి ఈ టీకాకారుడి వాటాకు వచ్చింది.

ఇక్కడ వ్యాఖ్యానించే మాటలు ఈ మూడు ఊళ్లలో ఇంటింటా వచనంగా వినిపించేవే. వాటిని ఆటవెలదిలో సర్దడం వరకే టీకాకారుడి పని. భావంలో అతని చెయ్యి లేదు.

మూలము

బాపు కొన్న బండి వాకిట నున్నది
అమ్మబోను దీని నడుగబోకు
వచ్చు దసరలోపు బాగుచేయించెద
కిక్కు కొట్టబోతె కీయె లేదు

సందర్భము

పాత ఇనుప సామాను కొనేవాడు గల్లీలో పోతూ పోతూ వాకిట్లోకి తొంగి చూసినప్పుడు ఇంటాయన పలికినది. మొదటి మూడు పాదాలు ప్రకాశం. నాలుగోది స్వగతం.

ప్రతిపదార్థము

బాపు = నాయన; కొన్న = పేరు రాయించుకుని, ఏళ్ల తరబడి వంతు కోసం ఎదురుచూసి తెచ్చుకున్న; బండి = రెండు చక్రాలది, మూడోది స్టెప్నీ; వాకిటన్ = వాకిట్లో, వేపచెట్టు నీడన; ఉన్నది = నిలబడి ఉన్నది (నడుచుచున్నది అని కవి అనలేదు, గమనించాలి); అమ్మబోను = ఎంతిచ్చినా ఇవ్వను (ఎవరైనా ఎంతో ఇస్తామన్న దాఖలా లేదు); దీనిన్ = సీటు మీద బట్టలు ఆరేసిన, కాళ్ల దగ్గర కోడి పొదిగిన ఈ బండిని; అడుగబోకు = వెల అడగవద్దు (అడిగినవాడు కిలోల లెక్కన అడిగాడు గనుక కోపం); వచ్చు దసరలోపు = రాబోయే దసరా పండుగకు ముందే (ప్రతి ఏడూ ఒక దసరా రానే వస్తుంది గనుక మాట తప్పిన దోషం అంటదు); బాగుచేయించెదన్ = ఇంకొకరి చేత మరమ్మతు చేయిస్తాను (ఖర్చు కూడా ఇంకొకరిదే అయితే మేలని ధ్వని); కిక్కు కొట్టబోతె = కాలు ఎత్తేసరికి; కీయె లేదు = తాళంచెవే లేదు. అది ఎవరి దగ్గర పోయిందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. తన దగ్గర మాత్రం కాదు.

బండి నిర్ణయము

కవి బండి పేరు చెప్పలేదు. అందువల్ల వ్యాఖ్యాతల్లో మతభేదం పుట్టింది.

ఇది అంబాసిడర్ కారని కొందరు. పాత అంబాసిడర్‌కు ముందువైపు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పేవారు గనుక అదే కిక్కు అని వాళ్ల వాదన. అట్లనరాదు. హ్యాండిలును తిప్పుతారు గాని కొట్టరు.

బుల్లెట్ అని మరికొందరు. బుల్లెట్‌కు కాలు ఎత్తే ముందే ఒక తతంగం ఉంది. అమ్మీటరు ముల్లు చూడాలి, డీకంప్రెషన్ పిడి నొక్కాలి, పిస్టను సరైన చోటికి వచ్చిందని కాలికి తెలియాలి. ఇంత క్రియాకలాపం ఉంటే కవి కనీసం ఒక సీసపద్యమైనా రాసేవాడు. ఆటవెలది చాలదు.

యెజ్డీ అని ఇంకొక మతం. మైసూరు ఐడియల్ జావా వారి ఈ బండిలో కిక్కు, గేరు ఒకే కాడ. నిలబెడితే కిక్కు, వాల్చితే గేరు. ఇది అద్వైతం. సిలిండరు ఒక్కటే అయినా పొగగొట్టాలు రెండు. ఇది ద్వైతం. రెండూ ఒకే బండిలో ఉన్నందున విశిష్టాద్వైతమని సర్ది చెప్పేవారూ ఉన్నారు. ఆ కర్మాగారం 1996లో మూతపడినా వాదన మూతపడలేదు.

హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ స్కూటరని స్థానికాభిమానుల పక్షం. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండడం పుష్పక విమానం లక్షణం. కాని ముందు ఒకడు నిలబడి, మధ్యలో ఇద్దరు ఇరుక్కుని, వెనుక ఇల్లాలు చంటిదానితో పక్కవాటుగా కూర్చునే ఆ లక్షణం ఈ దేశంలో అన్ని స్కూటర్లకూ సమానమే. కాబట్టి అతివ్యాప్తి దోషం.

మా సిద్ధాంతం బజాజ్ చేతక్. 1972లో వచ్చిన ఈ స్కూటరుకు రాణా ప్రతాపుడి గుర్రం పేరు పెట్టారు. మరి కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడికి తీసుకుపోరాదా అంటే, తీసుకుపోవచ్చు. బయటి గేటు దాకా.

కీలక చర్చ

చేతక్ అని తేలగానే నాలుగో పాదానికి పెద్ద చిక్కు వస్తుంది. పాత చేతక్‌ను స్టార్టు చేయడానికి తాళంచెవి అవసరమే లేదు. బ్యాటరీ అక్కరలేని మ్యాగ్నెటో దాని ఇంజనుకు మంట ఇస్తుంది. పెట్రోలు కుళాయి తిప్పి, చోకు లాగి, బండిని ఒక పక్కకు వంచి, కిక్కు కొడితే చాలు. ఆపడానికి ఒక బొత్తాం. తాళంచెవి పని హ్యాండిలు లాకు వరకే. ఆ లాకును విప్పే మనిషి బజారులో గొడుగు కిందే కూర్చుని ఉంటాడు.

అయితే కవి కీ లేదని ఎందుకు అన్నాడు? పెట్రోలు లేదనవచ్చు, టైరు లేదనవచ్చు. అవి బజారులో దొరుకుతాయి గనుక అనలేదు. ఇంజనుకు అడ్డం రాని వస్తువును ఏరి అడ్డంగా చూపడంలోనే కవి చాతుర్యం. కనుక ఇక్కడ కీ అంటే వాయిదా. ఇన్నేళ్లు బండిని ఆపింది తుప్పు కాదు, ఇదే. పద్యమంతా ఈ ఒక్క మాట మీద తిరుగుతుంది గనుక చదువరులు జాగ్రత్తగా గ్రహించాలి.

పాఠాంతరములు

కోరుట్ల ప్రతిలో మొదటి పాదం ‘అన్న పంపు బండి వాకిట నున్నది’ అని ఉంది. దుబాయి, మస్కట్, రియాద్ పోయినవాళ్ల పైసలతో కొన్న బండ్లకు ఈ పాఠం సరిపోతుంది. యతి తప్పింది. పైసలు పంపినవాడు అంత దూరంలో ఉంటే యతి కుదరడం కష్టమే. సంసారం కుదిరింది గనుక క్షమ్యం.

సిరిసిల్ల ప్రతిలో నాలుగో పాదమే వేరు: ‘కిక్కు చచ్చునాడు కిస్తు తీరె’. అప్పు తీరిన రోజూ, ఇంజను ఆగిన రోజూ ఒకటేనని భావం. యతి నిర్దుష్టం. సాంచెల చప్పుడు మధ్య కిస్తుల లెక్క వేసుకున్న చెయ్యి రాసినట్టే ఉంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరది. అక్కడ క్లచ్ వైరు తెగిందని బండిని మూల పెట్టామంటే నమ్మేవారు లేరు.

గద్య

ప్రతి గ్రంథానికీ చివర కర్త పేరూ ఊరూ చెప్పే గద్య ఉంటుంది. బండికి అది నంబరు ప్లేటు. వాకిట్లో ఉన్న బండి మీద ఏపీ 15 అని ఉంటే అది ఉమ్మడి కరీంనగర్ జిల్లా కాలపు రచన. 2014లో రాష్ట్రం వచ్చాక కరీంనగర్‌ది టీఎస్ 02. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలయ్యాక జగిత్యాల టీఎస్ 21, సిరిసిల్ల టీఎస్ 23. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. బండి వేపచెట్టు కింద నుంచి జానెడు కదలకుండానే ఒక రాష్ట్రం, ఒక జిల్లా దాటింది. ఇంతటి ప్రయాణం చేసిన వాహనం పురాణాల్లోనూ అరుదు.

పరిష్కరణ విధానము

మల్లినాథుడి రెండు నియమాలే బండికీ వర్తిస్తాయి. మూలంలో లేనిది తగిలించరాదు, అక్కరలేనిది విప్పరాదు.

మొదట ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కొంచెం ఆయిలు పోసి రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి కిక్కును చేత్తో మెల్లగా నొక్కి చూడాలి. ఏళ్లుగా కదలని పిస్టను సిలిండరుకు అతుక్కుని ఉంటుంది. ఉత్సాహం ఆపుకోలేక ఎగిరి కొడితే గీతలు పడతాయి, ఆపైన రీబోరు తప్పదు. తరువాత ట్యాంకు దించి తుప్పు కడగాలి. కార్బొరేటర్ విప్పి జెట్లలోకి గాలి కొట్టాలి గాని ఇనుప తీగతో పొడవరాదు. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పాయింట్లు రుద్ది సందు చూసుకోవాలి. స్టార్టయ్యాక తెల్లపొగ ఆగకుండా వస్తే క్రాంకు పక్కన ఆయిల్ సీలు గట్టిపడి, గేరు ఆయిలును ఇంజను పీలుస్తున్నదని అర్థం. సైలెన్సరులో మసి గడ్డకట్టి ఉంటే దాన్ని కాల్చి దులపాలి. అప్పటిదాకా రంగు డబ్బా ముట్టరాదు. ముందు రంగు, తరువాత ఇంజను అనే క్రమం పెండ్లికొడుకును సింగారించి దవాఖానాలో చేర్చడం వంటిది.

పెట్రోలులో టూటీ ఆయిలు కలపడం మరచిపోరాదు. రెండు స్ట్రోకుల ఇంజనుకు తైలాభిషేకం లోపలే జరగాలి, నూటికి రెండు పాళ్లు.

ప్రక్షిప్తములు

మూలంలో లేనివి పరులు చేర్చినవి ప్రక్షిప్తాలు. బస్సు హారను, నీలం ఎల్ఈడీ బల్బులు, సీటుకు పులిచారల కవరు, ముందు మడ్‌గార్డు మీద విమానం బొమ్మ ఈ కోవలోవి. పరిష్కర్త వీటిని తొలగించాలి. బాపే స్వయంగా అతికించిన వేములవాడ రాజన్న స్టిక్కరు మాత్రం ప్రక్షిప్తం కాదు, మూలమే.

ఈ కాలపు అతిపెద్ద ప్రక్షిప్తం పెట్రోలులోనే ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకే పెట్రోలు పైపు, కార్బొరేటర్ వాషర్లు కొత్తరకానివి వేసుకోవాలి. ట్యాంకులో పెట్రోలు నెలలకొద్దీ నిలవ ఉంచరాదు. ఇక్కడ మాత్రం మూలం నుంచి తొలగడం దోషం కాదు.

ప్రసంగవశాత్ కారు స్మృతి

బండి లేచే రోజు చుట్టూ చేరిన పెద్దలు తప్పక కార్ల ప్రసంగం ఎత్తుతారు. పాత అంబాసిడర్‌కు గేరు స్టీరింగు పక్కనే ఉండేది, ముందు సీటు ఒకే బెంచీ, కాబట్టి డ్రైవరుకు అటూ ఇటూ కూడా పెండ్లివారు. అది 2014లో ఉత్తరపారా కర్మాగారంలో ఆగింది. అదే ఏడు మొదట్లో మారుతి 800 కూడా ఆగింది. ఫియట్ 1100 పేరు మార్చుకుని ప్రీమియర్ పద్మిని అయింది. చిత్తూరుగఢ్ రాణి పేరది. చేతక్ కూడా మేవాడ్‌దే గనుక, జగిత్యాల గల్లీలో చేతక్ పక్కన పద్మిని ఆగితే రాజస్థాన్ చరిత్రలో సగం అక్కడే ఉన్నట్టు.

గల్ఫు నుంచి వచ్చిన డ్రైవర్ల స్మృతి వేరు. ల్యాండ్ క్రూయిజర్ చల్లదనం గురించి, కరోలా ఇంజను గురించి వాళ్లు కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఎడమ పక్క స్టీరింగుకు అలవాటుపడి వచ్చిన కొత్తలో ఇక్కడి కారుకు అవతలి తలుపు తీసిన సంగతీ చెబుతారు. చెప్పిన కార్లలో ఒక్కటీ వాళ్లది కాదు. అదంతా చెప్పి, టీవీఎస్ ఎక్సెల్ మీద పొలానికి పోతారు. చేతక్ గొప్ప బండి కాకపోయినా దాని ఆర్సీ మీద ఉన్నది బాపు పేరు. ‘అమ్మబోను’ అన్న పదానికి బలం అక్కడ ఉంది.

శాస్త్రము

సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన బండిని చూపించి, అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బైకు, స్కూటరుకు ఆ రుసుము రూ.1,000, కారుకు రూ.5,000, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. 50 ఏళ్లు నిండిన వాహనానికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ నమోదు ఉంది. రుసుము రూ.20,000, చెల్లుబాటు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు. కాని ఆ హోదా పొందిన బండిని రోజూ తిప్పరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే అనుమతి. కూరగాయలకు పోవాలనుకునేవారికి మామూలు పునరుద్ధరణే మేలు.

తాత్పర్యము

నాయన కొన్న స్కూటరు వాకిట్లో ఉన్నది, అమ్మను, దసరాకు బాగుచేయిస్తాను, కాని తాళంచెవి లేదు అని పద్యం పైకి చెప్పే అర్థం. బండి మీద ప్రేమ ఉంది, పని మీద లేదు అని లోపలి అర్థం. ప్రేమతో తుప్పు ఆగదు. అమ్మననేవాడికి ఆ మాట అనే హక్కు బండి కదిలినప్పుడే వస్తుంది. కదలని బండికి ఇనుపసామానువాడు కట్టిన కిలో ధరే న్యాయమైన వెల.

కనుక చదువరులకు మనవి. ఆర్సీ వెతకండి, ప్లగ్గు విప్పండి. అందుకు కావలసినది ఒక ప్లగ్గు పానా, చెంచాడు ఆయిలు, ఒక ఆదివారం. ఈ పనికి కీ అక్కరలేదు.