ఆఫర్‌లో వచ్చిన బుద్ధి

నన్ను పిసినారి అంటే ఒప్పుకోను. పొదుపరినని చెప్పుకుంటాను. ఆ పొదుపు ఎందాకా వెళ్లిందంటే, పాప డైపర్ తడిసిందా అని కాదు, పూర్తిగా తడిసిందా అని చూసేవాణ్ణి. డైపర్ ముందువైపు పసుపుపచ్చ గీత ఒకటుంటుంది, తడి తగిలితే నీలంగా మారుతుంది. సగమే మారితే "ఇంకా సగం ఉంది కదా, అప్పుడే తీసేస్తావేంటి?" అని మా ఆవిడ మీద కసిరేవాణ్ణి.

దీనికంతటికీ మూలం 2025 ఆగస్టులో వచ్చిన ఓ ఆఫర్. చిన్న ప్యాకెట్టులో ఒక్కో డైపర్ ఎంత పడుతోందో, పెద్దదాంట్లో ఎంత పడుతోందో ఫోన్‌లో లెక్కేసి చూపించి, ఎస్ సైజు ప్యాకెట్లు బీరువా మీదా మంచం కిందా పట్టినన్ని తెప్పించాను. ప్యాకెట్టు మీద 4–8 కిలోలని ఉంది. పాప అప్పటికి ఆరు కిలోలైనా లేదు. ఎనిమిదికి ఇంకా బోలెడు టైముందనుకున్నాను. పక్కనే ఎమ్ సైజు మీద 7–12 అని ఎందుకు రాశారో ఆలోచించలేదు. పిల్లలకు బరువుకన్నా ముందు తొడలొస్తాయి! ప్యాకెట్లు సగం కూడా అవకముందే అంటింపు పట్టీలు నడుం చుట్టూ అందడం మానేశాయి. లాగి అంటిస్తే తొడల మీద ఎలాస్టిక్ వాతలు, వీపు దాకా లీకేజీ.

ఈలోగా సెప్టెంబరు 22 వచ్చింది. డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఇల్లంతా పాత పన్ను కట్టిన సరుకుతో నింపుకుని ఆ వార్త చదివాను.

తర్వాత ఒరుపు. తడి, విరేచనం కలిసి చర్మం మీద ఎక్కువసేపు ఉంటే జరిగేదే జరిగింది. డాక్టరుగారు "ఎన్ని గంటలకోసారి మారుస్తున్నారు?" అని అడిగారు. మా ఆవిడ నావైపు చూసింది. నేను ఫ్యానువైపు చూశాను. ఆయన ఫీజు, జింక్ ఆక్సైడ్ క్రీము కలిపితే ఆఫర్‌లో మిగిల్చింది ఆ పూటే ఖర్చయిపోయింది.

అత్తగారు ఊర్నుంచి వచ్చి ఏమీ అనలేదు. నా పాత నూలు పంచె చింపి లంగోటీలు కుట్టారు. "ఇంట్లో ఉన్నంతసేపూ ఇవి కట్టండి బాబూ, రాత్రికీ ప్రయాణాలకీ మీ డైపర్లు ఎలాగూ ఉన్నాయి" అన్నారు. ఆ 'మీ' అన్న మాట నాకు బాగానే తగిలింది. ఖర్చు మాత్రం నిజంగానే తగ్గింది.

మిగిలిన ఎస్ ప్యాకెట్లు కిందింటి బాలింతకు ఇవ్వబోతే, "ఒక్కటి చాలన్నయ్యా. రెండోది విప్పేలోపు మావాడు పెరిగిపోతాడు" అంది.

నిన్న ఎల్ సైజు మీద ఆఫర్ వచ్చింది. పాపకు ఎల్ ఎప్పుడు పడుతుందో లెక్క కూడా వేసేశాను. ఇంకా కొనలేదు.