కెమికలా? ఫినాయిల్ చేస్తవా అల్లుడా!

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఇంటికో కెరీర్ నిపుణుడు పుట్టుకొస్తాడు. పిలగాడు వెబ్ ఆప్షన్లలో కెమికల్ మీద వేలు పెట్టబోతే మేనమామ చెయ్యి పట్టుకుంటాడు: "కెమికలా? ఫినాయిల్ చేస్తవా అల్లుడా? సప్పుడుచెయ్యక సీఎస్‌ఈ పెట్టు!"

నిజమే, ఈ నేలకూ కెమికల్‌కూ ఏం సంబంధం? రామగుండం ఫ్యాక్టరీలో గాలిలోని నత్రజనిని పట్టి, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసి, దానికి కార్బన్ డయాక్సైడ్ జతచేసి రోజుకు 3,850 టన్నుల యూరియా తీయవచ్చు. 45 కిలోల బస్తాల్లో లెక్కేస్తే 85 వేల పైచిలుకు. అదంతా అయ్యగారు మంత్రం చదివితే రాలుతుంది. కాగజ్‌నగర్ పేపరు మిల్లులో కర్రను కాస్టిక్ సోడా, సల్ఫైడ్ పోసి గుజ్జుగా ఉడికిస్తారు. పెళ్లిళ్ల వంటమాస్టర్లు చాలరా? ఇక బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు బట్టీల్లో సున్నపురాయి 1,450 డిగ్రీల దగ్గర క్లింకరవుతుంది. మన రామగుండం ఎండకు బయట ఆరబోసినా అవుతుంది, ఇంజనీరెందుకు?

అయితే మామ ఒక్కడినే అనకూడదు. ఆయన భయానికీ చరిత్ర ఉంది. సింగరేణి బొగ్గును గ్యాసుగా మార్చి ఎరువు తీద్దామని రామగుండంలో కట్టిన ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1980లో మొదలైంది, 1999లో మూతపడింది. అక్కడ మళ్లీ యూరియా రాలింది 2021లో. ఈసారి కాళ్లకింద బొగ్గును వదిలేసి, కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపులో గ్యాసు తెచ్చుకున్నాం. కాగజ్‌నగర్‌లోని ఆ సిర్పూర్ పేపరు మిల్లుకు 2014లో తాళం పడితే తీసింది 2018లో. గేటుకు తుప్పు పట్టించిన పెద్దలే, "పిల్లలు కోర్ బ్రాంచీలు ఎందుకు చదవట్లేదో" అని సదస్సుల్లో శాలువాలు కప్పుకొని చింతిస్తారు.

చదివేవాళ్లకు చోటు లేకనా? బాసర ట్రిపుల్ ఐటీలోనే కెమికల్ ఇంజనీరింగ్ ఉంది. చదివితే రిఫైనరీ, ఎరువులు, మందులు, రంగులు, సిమెంటు, బ్యాటరీలు, మురుగునీటి శుద్ధి, ఇన్ని దారులు. గేట్ ర్యాంకు బాగుంటే ప్రభుత్వ చమురు సంస్థలు. షిఫ్టు డ్యూటీ ఉంటుంది, ఊరికి దూరం పోవాలి, మొదటి జీతం చూసి చుట్టాలు పెదవి విరుస్తారు. అందుకే డిస్టిలేషన్ టవర్‌కు ఎన్ని ట్రేలు కావాలో లెక్కగట్టిన పిల్ల, పట్టా చేతికి రాగానే అమీర్‌పేట హాస్టల్లో జావా బట్టీ పడుతుంది. కాలేజీలు ఇంకా తెలివైనవి: కోర్ సీట్లు తగ్గించి సీఎస్‌ఈ పెంచుకుంటాయి. ల్యాబులో రియాక్టరు కొనే ఖర్చు తప్పింది, కంప్యూటరుకు కుర్చీ వేస్తే చాలు.

ఆ కెమికల్ ఆగితే ఏమవుతుందో కూడా చూశాం. 2025 ఆగస్టులో రామగుండంలో సాంకేతిక లోపంతో యూరియా ఉత్పత్తి ఆగింది, దిగుమతులూ చాలినంత రాలేదు. వరి నాటిన రైతు సొసైటీ గోదాము ముందు చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు లైన్లో పెట్టి చెట్టు కింద కూర్చున్నాడు. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం తెల్లవారుజామునే బయల్దేరాడు. ఫ్యాక్టరీ పక్క జిల్లాలోనే ఉంది. అయితేనేం, అది మనకు సంబంధం లేని కెమికల్ కదా!

ఈ కొరతకు సర్కారు కనిపెట్టిన విరుగుడు, యూరియా బుకింగుకు ఒక యాప్. చూశారా, మామ ముందుచూపు! బస్తా చేసే ఇంజనీరుకు కరువు రావచ్చుగానీ, బస్తా లేదని ఫోనులో మర్యాదగా చెప్పే ఇంజనీర్లకు ఈ రాష్ట్రంలో ఏనాటికీ కరువు రాదు.