పరీక్షే ఫెయిలైంది

ఒకే ఒక్క పోస్టు, దానికి 480 మంది అభ్యర్థులు. 1996లో నల్లగొండలో జరిగిన ముచ్చట ఇది. పోస్టు పేరు లోక్‌సభ సభ్యత్వం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఊళ్లకు ఊళ్లు నడుములు వంగిపోతుంటే అడిగే దిక్కు లేదని జనం వందల్లో నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆఖరికి సీపీఐ నుంచి ధర్మభిక్షం గెలిచారు. ఇట్లాంటివి చూశాకే పార్లమెంటు ఆ ఏడాది చట్టం సవరించి, లోక్‌సభ అభ్యర్థి కట్టే డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది.

ఈ కథ చెప్పి ఇవాళ్టి నల్లగొండ గ్రాడ్యుయేట్‌ను బెదిరిద్దామంటే కుదరదు. "పోస్టుకు 480 మందేనా అన్నా? కాంపిటీషన్ తక్కువే ఉన్నదే!" అంటాడు. 2018లో 700 వీఆర్వో పోస్టులు పడితే రాష్ట్రమంతటా పది లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. భాగహారం చేస్తే పోస్టుకు 1,400 మంది పైమాటే. అంతమందిని దాటుకొని నౌకరి కొట్టిన వాళ్లకు ఊళ్లో డప్పులతో ఊరేగింపొక్కటే తక్కువ. రెండేళ్లు తిరిగాయో లేదో, 2020 సెప్టెంబరులో ప్రభుత్వం వీఆర్వో వ్యవస్థనే ఎత్తేసింది. పరీక్షలో తప్పినవాళ్లు గెలిచినవాళ్ల ఇళ్లకు పోయి ఓదార్చి వచ్చారు. జీతం ఆగలేదు, వేరే శాఖల్లో సర్దారు కానీ, ఓదార్చే అవకాశం మళ్లీ రాదని వీళ్లు ఊరుకోలేదు.

పని వెతుక్కోవడం ఈ నేలకు కొత్త విద్యేం కాదు. పాలమూరులో ఒకప్పుడు గుంపు మేస్త్రీ ఊళ్లోకొచ్చి ఇంత అడ్వాన్సు చేతిలో పెట్టి జనాన్ని డ్యాముల కాడికి, కాలువల కాడికి తోలుకపోయేవాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా పాలమూరు లేబర్ ఉంటుందన్న పేరు అట్లా వచ్చింది. బొంబాయికి నేరుగా ఆర్టీసీ బస్సు ఎక్కి వలసపోయిన జిల్లా అది. ఆ అడ్వాన్సు తీరేసరికి ఒళ్లు తీరిపోయేదని తాతకు తెలుసు. అయినా మనవడిని చూస్తే ఒక సంగతి ఆయనకు అంతుబట్టదు. తమ కాలంలో పని చూపకముందే మేస్త్రీ పైసలిచ్చేవాడు. వీడేమో పని మొఖం చూడకముందే తనే ఎదురు కడుతున్నాడు. దరఖాస్తు ఫీజు, కోచింగ్ ఫీజు, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము కిరాయి, టెస్ట్ సిరీస్, మళ్లీ దాని మీద రివిజన్ బ్యాచ్.

"మీ మేస్త్రీ ఎవలు బిడ్డా? మస్తు హుషారున్నట్టున్నడు" అంటాడు తాత.

దరఖాస్తు నింపే ముందు అభ్యర్థి తానెక్కడివాడో తేల్చుకోవాలి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్కన ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేండ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. పాలమూరు పిల్లగాడు ఇల్లు కదలకుండానే జిల్లా మారిపోయాడు. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నాలుగు జిల్లాలైంది, 2019లో నారాయణపేట వేరుపడి ఐదైంది. అటు నల్లగొండ మూడు ముక్కలైంది. సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా, ఫారం నింపే మీసేవ పిల్లగాడి నోట మరో జిల్లా.

అందుకని బోనఫైడ్ కోసం చిన్ననాటి బడికి పోవాలి. హెడ్మాస్టరు సారు ఇనుప బీరువా మీద రెండు గుద్దులు గుద్ది తెరిచి, చెదలు వదిలిపెట్టిన అడ్మిషన్ రిజిస్టరు తీసి, దుమ్ము ఊది, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పుతాడు. ఆ పేజీలో సగం మంది జూన్ నెలలోనే పుట్టి ఉంటారు. బడిలో వేసిన నాడు అప్పటి సారుకు తోచిన తేదీలవి. ఆ సారు ఏడాది ఎక్కువ వేశాడా, తక్కువ వేశాడా అన్నదాని మీదే ఇప్పుడు జీవితం ఆధారపడి ఉంది. తక్కువ వేసిన సారును తలచుకొని అభ్యర్థి చేతులు జోడిస్తాడు. ఎక్కువ వేసిన సారు సంగతి అడగొద్దు.

ఇక అసలు కథ గ్రూప్-1. నీళ్లు, నిధులు, నియామకాల పేరు మీద 2014లో తెలంగాణ వచ్చింది. మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులతో. 3.80 లక్షల మంది దరఖాస్తు పెట్టారు. 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. జనవరిలో ఫలితాలొచ్చాయి, 25,050 మంది మెయిన్స్‌కు అర్హులయ్యారు. మన అభ్యర్థి ఆ జాబితాలో ఉన్నాడు. ఊళ్లో స్వీట్లు పంచారు. సర్పంచ్ శాలువా కప్పాడు. ఇంతలో వేరే పరీక్ష పేపరు లీకైందని పోలీసులు తీగ లాగితే డొంకంతా పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు కంప్యూటర్లలోనే కదిలింది. 2023 మార్చి 17న ప్రిలిమ్స్ రద్దు.

ఆ రోజు సాయంత్రం ఏ రూములో చూసినా ఇద్దరు మనుషులు కనబడ్డారు. ప్రిలిమ్స్ పాసైనవాడు గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. తప్పినవాడు లేచి మొఖం కడుక్కొని, తల దువ్వుకొని, చాయ్ తెప్పించాడు. తప్పినవాడికి రెండో జన్మ వచ్చింది మరి. పక్కవాడి బాధ చూసి పైకి నవ్వలేడు, లోపల ఆపుకోలేడు. "ఊకో తమ్మీ, మనందరం ఒక్కటే ఇప్పుడు" అన్నాడు. నిజంగానే ఒక్కటే. కష్టపడి చదివినవాడూ, హాల్‌టికెట్ కోసం మాత్రమే రాసినవాడూ ఒకే గీత మీద నిలబడ్డారు. మిగతా లోకంలో పరీక్షలో అభ్యర్థి ఫెయిలవుతాడు. ఇక్కడ అభ్యర్థి పాసై, పరీక్ష ఫెయిలైంది.

2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకుంటామని నోటిఫికేషన్‌లో రాసి, పరీక్ష నాడు తీసుకోలేదని హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ రద్దు చేసింది. ఈసారి రూములో ఎవరూ గోడ దిక్కు తిరగలేదు. చాయ్ ఇద్దరూ కలిసే తాగారు. 2024 ఫిబ్రవరి 19న పాత నోటిఫికేషన్‌ను పక్కన పెట్టి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్. ఆసారి లీకు లేదు, రద్దు లేదు, అంతా సవ్యంగా జరిగింది. అందులోనే మన అభ్యర్థి తప్పాడు.

గ్రూప్-2 వాళ్లను కదిపితే వాళ్ల వైభవం వేరు. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. పరీక్ష తేదీ మొదట 2023 ఆగస్టు, తర్వాత నవంబరు, ఆ తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు, చివరికి డిసెంబరు 15, 16. ఈ మధ్య కాలంలో ముఖ్యమంత్రి మారారు. కమిషన్ ఛైర్మన్ మారారు. రాష్ట్రం పొట్టిపేరు టీఎస్ నుంచి టీజీ అయింది. దాంతో నోటిఫికేషన్ ఇచ్చింది టీఎస్‌పీఎస్సీ, పరీక్ష పెట్టింది టీజీపీఎస్సీ. పరీక్షకు ఎక్కిన బస్సు పేరు కూడా టీఎస్‌ఆర్టీసీ నుంచి టీజీఎస్‌ఆర్టీసీ అయింది. మారనిది రూము కిరాయి గడువు ఒక్కటే, నెల మొదటి వారం.

ఈ దెబ్బ అన్నిటికన్నా గట్టిగా తగిలింది కరెంట్ అఫైర్స్‌కు. 2022లో కొన్న పుస్తకం 2024కు హిస్టరీ అయి కూర్చుంది. అందులో మంత్రులందరూ మాజీలు, పథకాలన్నీ పాతవి. పాత పుస్తకాలు తూకానికి వేద్దామంటే మనసొప్పదు. రేపొద్దున హిస్టరీ పేపర్లో అడిగితేనో?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జిల్లా గ్రంథాలయానికి పొద్దున ఏడు గంటలకు పోయి చూడాలి. గేటు తీయకముందే మెట్ల మీద బ్యాగులు వరుసలో నిలబడి ఉంటాయి, మనుషులు ఎదురు హోటల్లో ఉంటారు. గేటు తెరవగానే ఫ్యాను కింది కుర్చీ కోసం జరిగే ఉరుకులాటకు ఏ ప్రిలిమ్సూ చాలదు. కుర్చీ మీద దస్తీ పడిందంటే పట్టా అయినట్టే. నీళ్ల సీసా, ప్యాడ్, సద్ది డబ్బా, చార్జర్. కిటికీ పక్క సీటు ఒక సీనియర్‌ది. ఆయన నాలుగు నోటిఫికేషన్ల అనుభవశాలి, అందరూ 'అన్నా' అంటారు. ఏ పరీక్ష వాయిదా పడుతుందో ఆయన ముందే చెప్తాడు, ఎన్నడూ తప్పలేదు. పరీక్ష జరుగుతుందని చెప్పినప్పుడే తప్పింది. ఆడపిల్లల టేబుల్ వేరే ఉంటుంది, అక్కడ మాటలు తక్కువ, పెన్నుల చప్పుడు ఎక్కువ. ఈ ఏడాది కొలువు రాకపోతే లగ్గమేనని ఇంట్లో గడువు పెట్టి పంపిన వాళ్లు మరి. మగపిల్లలకేమో కొలువొస్తేనే లగ్గం. ఒకే పరీక్ష, ఒకరు పెండ్లి తప్పించుకోవడానికి, ఇంకొకరు పెండ్లి చేసుకోవడానికి రాస్తున్నారు.

ఇన్ని ఎత్తుపల్లాల్లో అభ్యర్థిని ఇంట్లో ఎందుకు తిట్టరని బయటివాళ్లకు అనుమానం రావచ్చు. నల్లగొండ రైతు తన కొడుకును ఆ విషయంలో తిట్టలేడు. మనుషులకన్నా బోర్లే ఎక్కువని పేరు పడ్డ ముషంపల్లి ఉన్న జిల్లా అది. నాన్న ఒక బోరు వేశాడు, దుమ్ము లేచింది. పాయింటు మార్చి ఇంకోటి వేశాడు, తడి తగిలి ఆగింది. కొబ్బరికాయ చేతిలో పెట్టుకొని చెలకంతా తిరిగిన పెద్దమనిషి చెప్పిన చోట మూడోది వేశాడు. ఇంకొక్క యాభై అడుగులు దించితే పడతదని అప్పు తెచ్చాడు. కొడుకు "ఇంకొక్క నోటిఫికేషన్ చూస్తనే" అన్నప్పుడు, ఆయనకు ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంటుంది. తన నోటితోనే అన్నాడు కాబట్టి ఎదురు అడగలేడు. అమ్మ మాత్రం ఇద్దరినీ కలిపి ఒకేసారి తిడుతుంది, టైము కలిసొస్తుందని.

అన్నీ ఇట్లాగే నడుస్తాయని అనుకుంటే పొరపాటు. 2024 డీఎస్సీ సంగతి చూడండి. 11,062 టీచరు పోస్టులు. జూలై 18న పరీక్షలు మొదలు, ఆగస్టు 5కు పూర్తి. సెప్టెంబరు 30న ఫలితాలు. అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు. పరీక్ష నుంచి పత్రం దాకా మూడు నెలలు నిండలేదు. వాయిదాలకు అలవాటు పడ్డ జనం దీన్ని తట్టుకోలేకపోయారు. ఒకరికొకరు ఫోన్లు చేసుకొని "నిజమేనా? కోర్టులో ఏమన్న పడ్డదా?" అని వాకబు చేశారు. ఆర్డరు చేతికొచ్చినా నెల దాకా కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రానివాళ్లున్నారు.

గ్రూప్-1 కూడా ఒక ఒడ్డుకు చేరింది, దానికి తగ్గ పద్ధతిలో. 2024 అక్టోబరులో మెయిన్స్, 2025 మార్చిలో ర్యాంకులు. సెప్టెంబరు 9న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ర్యాంకుల జాబితాను కొట్టేశారు, 24న డివిజన్ బెంచి ఆ తీర్పుపై స్టే ఇచ్చింది, 27న 562 మంది నియామక పత్రాలు అందుకున్నారు. అదే నెల మొదట్లో ర్యాంకర్లు, రెండో వారంలో బాధితులు, నాలుగో వారంలో ఆఫీసర్లు. ఒక నెలలో అన్ని అవతారాలు ఎత్తినవాళ్లకు ట్రైనింగ్ అవసరమా అని లైబ్రరీలో చర్చ జరిగింది.

మొన్న పండక్కి ఊరికి పోయిన అభ్యర్థిని అరుగు మీద మేనమామ పట్టుకున్నాడు.

"ఏమైంది అల్లుడా నీ కథ?"

"భయమేం లేదు మామా. వయసు 44 నుంచి 46కు పెంచిండ్రు. బడిల సారు గూడ ఏడాది తక్కువే వేసిండు."

మామ ఆర్టీసీలో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి, లెక్క వేళ్ల మీదే ఉంటుంది. "నలభై ఆరుకు ఎక్కుతవ్, అరవై ఒకటికి దిగుతవ్. పదిహేనేండ్లు. ఇండ్ల కోర్టు కేసులకు ఐదు తీసెయ్. పదేండ్ల నౌకరికి ఇరవై ఏండ్ల చదువారా?" అని, కాసేపాగి అసలు సంగతికొచ్చాడు. "కల్వకుర్తి దిక్కు ఒక సంబంధం ఉన్నది. పిలగాడు ఏం జేస్తడు అంటున్నరు. ఏం జెప్పమంటవ్?"

"గ్రూప్-1 ప్రిలిమ్స్ క్వాలిఫై అని చెప్పు మామా."

"మూడుసార్లు పెట్టిండ్రు గదరా, ఏది అని అడిగితే?"

"రద్దయినయి చెప్పు. నాకు అండ్లనే మంచి మార్కులొచ్చినయ్."