టకటకా? లొటలొటా?

పాత కారు తీసుకెళ్తే మెకానిక్ మొదట అడిగేది, "సౌండ్ ఎట్లొస్తుంది సార్?" అని. ఇక్కడే నోరు జాగ్రత్తగా వాడాలి, మనం పలికే ధ్వనిని బట్టే బిల్లు ఉంటుంది. టకటక అంటే లింక్ రాడ్డు. లొటలొట అంటే స్ట్రట్ మౌంటు. కిర్రుకిర్రు అంటే లోయర్ ఆర్మ్ బుష్షులు. గుయ్యిమంటోంది అన్నామా, బేరింగు. "అన్నీ కలిసి వస్తున్నాయి" అని నిజాయితీగా చెప్పేవాడికి షెడ్డులో స్టూలు వేసి చాయ్ కూడా తెప్పిస్తారు.

నా కారు పేరు చెప్పను. ఇరవై ఏళ్లు దాటిన టర్బో పెట్రోల్ సెడాన్. కొత్తలో 150 గుర్రాలు. ఇప్పుడు ఎన్ని బతికున్నాయో తెలీదు గానీ, ఉన్నవి బలంగానే లాగుతున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోతుంటే ఇంజను పాట తప్ప ఇంకేం వినపడదు. మా కాలనీలో పైపులైను కోసం తవ్వి, పూడ్చేశామనుకుని వదిలేసిన రోడ్డుందే, దానిమీద ఇరవైలో పోతే మాత్రం ముందు కుడి చక్రం దగ్గర భజన మొదలు. వేగం కోసం పుట్టిన బండి కూరగాయల ఆటో వెనకాల నడుస్తూ అలా మోగుతుంటే, ఆ ఆటో అతను కూడా వెనక్కి తిరిగి జాలిగా చూస్తాడు.

మా మామగారిది అంబాసిడర్ తరం. "చప్పుడు ఆగిపోతేనే మేం బండి ఆపి దిగేవాళ్లం, అల్లుడుగారూ" అని తేల్చేశారు.

మెకానిక్ ఇంకా త్వరగా తేల్చాడు. బండి కింద పడుకోకుండానే, "లింక్ రాడ్ సార్. గ్యారంటీ." అతన్ని తప్పు పట్టను. మన రోడ్లకు ముందుగా బలయ్యేది అదే, పదిమందిలో ఎక్కువమందికి ఆ మాట నిజమే అవుతుంది కూడా. కానీ లింక్ రాడ్డుకు బ్రేకు పెడలుతో ఏ లావాదేవీ లేదు. బ్రేకు తొక్కినా మోగుతుంది, తొక్కకపోయినా మోగుతుంది. పరీక్షకు పట్టు అక్కడ దొరుకుతుంది.

అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీదికి వెళ్లాను. వెనక సీట్లో మామగారు, పిలవకుండానే. చప్పుడు మొదలయ్యాక బ్రేకు మీద పాదం బరువు మాత్రం మోపాను, బండి ఆగేంత కాదు. భజన ఠక్కున ఆగింది. పాదం తీశాను, మళ్లీ అందుకుంది. మెకానిక్ నన్ను గారడీవాడిని చూసినట్టు చూశాడు. వెనక నుంచి మామగారు, "చప్పుడు ఆగింది, బండి పక్కకు తీయండి!"

కిటుకేమీ లేదు. మామూలు కార్లలో ఉండే తేలే రకం కాలిపర్‌కు పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌నూ లాక్కొచ్చి డిస్కును రెండువైపులా పట్టుకుంటుంది. అంటే అది జరగడానికే పుట్టింది. ఆ పిన్నులు తిరుగాడే రబ్బరు బుష్షులు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, అరిగిపోయాయనుకోండి, కిలోల బరువున్న ఆ ఇనుపముద్ద ప్రతి గతుకుకూ బ్రాకెట్టును కొడుతుంది. కట్టుడుపళ్లలాగే, ఊరికే ఉన్నప్పుడు టకటకమంటాయి, కొరికితే నోరెత్తవు.

డిస్కు బ్రేకుకు చప్పుడుతో పాత చుట్టరికమే. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నాడు. లోహం లోహాన్ని రాస్తే వచ్చే కీచును మాత్రం ఎవరూ భరించలేకపోయారు. 1953లో జాగ్వార్ సీ-టైప్ డన్‌లప్ డిస్కులతో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచాక గానీ లోకం దానికి పెద్దపీట వేయలేదు. నా కుడి చక్రం పందెమేమీ గెలవకుండానే మోగుతోంది, అదే తేడా.

జాకీ ఎత్తి, స్టాండు వేసి, చక్రం విప్పాం. మెకానిక్ కాలిపర్‌ను పట్టి ఊపి, "కదులుతుంది సార్, దొరికింది!" అన్నాడు. ఎడమ చక్రమూ విప్పి చూడు, అదీ కదులుతుంది అన్నాను. కదిలింది. అతని ముఖం పడిపోయింది. పిన్నుల వెంట లోపలికీ బయటికీ జరగడం ధర్మం, పైకీ కిందికీ ఊగడం దోషం. ఎడమది ధర్మంగా జరిగింది, కుడిది ఊగింది. ఎడమదానికి బయటివైపు వంపులు తిరిగిన తీగ స్ప్రింగు ఒకటి కాలిపర్‌ను అదిమి పట్టుకుని ఉంది. కుడిదానికి అది లేనే లేదు. ఎప్పుడో ప్యాడ్లు మార్చినప్పుడు ఎవరో తీసి పారేశారు.

"గది ఎక్స్‌ట్రా సార్" అన్నాడు మా మెకానిక్, తన కులవృత్తి వాళ్లందరి తరఫునా.

ఇక పిన్ను విప్పాలి. దానికి 7 నంబరు అలెన్ కీ కావాలి. అతని పెట్టెలో 5 ఉంది, 6 ఉంది, 8 ఉంది, ఎందుకో 14 కూడా ఉంది. 7 లేదు. "8ని జరంత గ్రైండ్ చేద్దాం సార్" అన్నాడు. బతిమాలి ఆపి స్పేర్ పార్టుల కోసం రాణీగంజ్ వెళ్లాను. కీ, బుష్షులు, స్ప్రింగు మూడూ దొరికాయి. మొత్తం ఖర్చు అతను చెప్పిన లింక్ రాడ్ల జతకంటే తక్కువే.

బిగించేటప్పుడు అసలు యుద్ధం గ్రీజు దగ్గర. ఈ రకం రబ్బరు బుష్షుల్లో పిన్ను పొడిగానే ఉండాలి. పైగా మామూలు గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. అతను వేలి నిండా గ్రీజు తీసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. "గ్రీజు లేకుంట ఎట్ల సార్, పాపం" అని ఆ పిన్ను వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నవ్వులాటగా తీసుకోకూడనిది ఒకటుంది. బ్రేకు తొక్కితే ఆగే చప్పుడు పరువు తీస్తుంది, అంతే. తొక్కినప్పుడే ధన్‌మని కొట్టే చప్పుడు ప్రాణం తీయొచ్చు. కాలిపర్ బ్రాకెట్టును పట్టుకునే పెద్ద బోల్టులు వదులైతే అలాగే కొడుతుంది. ఆ బండిని షెడ్డు దాకా నడపడం కూడా తప్పే. రివర్సులోంచి ముందుకు తీసి బ్రేకేస్తే ఒక్కసారి టక్కుమనడం మాత్రం తరచూ ప్యాడు బ్రాకెట్టులో సర్దుకునే చప్పుడే. మా మెకానిక్ టార్క్ రెంచి "ఊఁ" అనే మూలుగు. మూలుగు పొడవును బట్టి బిగువు. పెద్ద బోల్టులకు నేనే అసలు రెంచి తెచ్చి నిలబడ్డాను.

చప్పుడు పోయింది. లేబర్ ఇవ్వబోతే అతను డబ్బు వద్దన్నాడు. "గా 7 నంబర్ కీ ఈడనే పెట్టి పోండ్రి."

ఈ మధ్య ఆయిలు మార్పించడానికి వెళ్తే, ఒక పాత హ్యాచ్‌బ్యాక్ ఓనరు లబోదిబోమంటున్నాడు. నాలుగు చక్రాలూ విప్పించాడట, కాలిపర్ పిన్నులన్నీ మార్పించాడట, టకటక మాత్రం అలాగే ఉందట. నేను వంగి చూస్తే లింక్ రాడ్డు తెగి వేలాడుతోంది. మెకానిక్‌కు చూపించాను. అతను నన్ను పక్కకు లాగి మెల్లగా అన్నాడు: "సార్, మీరే గదా లింక్ రాడ్ కాదన్నరు."