గాలి పట్టబడును: సటీక తాత్పర్యము

మూలము: "ఇచ్చట లారీలకు, కార్లకు, మోటారు సైకిళ్లకు గాలి పట్టబడును."

ప్రతిపదార్థము: ఇచ్చట = బూర్గంపాడు మండలం సారపాకలో, భద్రాచలం వంతెనకు ఇవతల, రేకుల షెడ్డు నీడన; లారీలకు = కాగితపు మిల్లుకు జామాయిల్ కర్ర తోలేవాటికి; కార్లకు = రాములవారి దర్శనానికి పోయేవాటికి; మోటారు సైకిళ్లకు = ముగ్గురెక్కినవాటికి; గాలి = నూటికి 78 పాళ్లు నైట్రోజన్, 21 పాళ్లు ఆక్సిజన్, తక్కినది ఆర్గాన్ వగైరా, గోదావరి ఒడ్డు కనుక కాస్త తేమ; పట్టబడును = కంప్రెసర్ నుంచి గొట్టం గుండా గేజీ ముల్లు చెప్పినంత దాకా లోపలికి తోయబడును. కర్మణి ప్రయోగం కాబట్టి కర్త కనబడడు. భోజనానికి వెళ్లి ఉండవచ్చు. అన్వయం సుగమం.

తాత్పర్యము: పైకి ఇంత సులువుగా కనిపించే ఈ వాక్యంలో ఒక ముఖ్యాంశం లోపించింది. ఎంత వేడి మీద పట్టబడునో చెప్పలేదు. అది తెలియనిదే గేజీ చూపిన అంకెకు అర్థం లేదని ఈ టీకాకారుడి వాదం. దీనికి ప్రమాణం శాస్త్రంలోనే ఉంది. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చే ఫలం, గాలి మోలుల సంఖ్యను పరమ ఉష్ణోగ్రతతోనూ ఒక స్థిరాంకంతోనూ గుణించిన ఫలానికి సమానం. 1662లో బాయిల్ చెప్పినది ఇందులో ఒక ముక్క. చార్లెస్ కనిపెట్టి అచ్చు వేయక ఊరుకుంటే 1802లో గే-లుసాక్ ప్రకటించినది మరో ముక్క. 1834లో క్లాపెరాన్ ఈ ముక్కలను కలిపి ఒకే సమీకరణంగా కుట్టాడు. టైరులో ఘనపరిమాణం దాదాపు మారదు, వాల్వు బిగించాక గాలి మొత్తమూ మారదు. ఇక మిగిలినవి రెండే, పీడనమూ వేడీ. ఒకటి పెరిగితే రెండోది పెరగక తప్పదు.

లెక్కలోకి దిగుదాం. తెల్లవారుజామున 27 డిగ్రీల దగ్గర లారీ టైరుకు 110 పాయింట్లు (పీఎస్ఐ) పట్టారనుకుందాం. గేజీ చూపేది బయటి వాతావరణం కంటే ఎంత ఎక్కువో అంతే కనుక 14.7 కలపాలి, అసలు పీడనం 124.7. మే నెల ఎండలో, నిండు లోడుతో, పాల్వంచ మీదుగా సారపాక చేరేసరికి లోపలి గాలి 72 డిగ్రీలకు వచ్చిందనుకుందాం. పరమ ఉష్ణోగ్రత 300 నుంచి 345 అయింది, అంటే నూటికి 15 పెరిగింది. అసలు పీడనమూ అంతే పెరిగి 143.4 అవుతుంది, గేజీ మీద దాదాపు 129. డ్రైవరు ఉలిక్కిపడతాడు. 'గాలి ఎక్కువైంది, తీసెయ్యి తమ్ముడూ' అంటాడు. తమ్ముడు వాల్వు నొక్కి బుస్సుమని 110కి దించుతాడు. రాత్రి లారీ నిలబడి టైరు మళ్లీ 27 డిగ్రీలకు చల్లబడితే గేజీ చూపేది 94 మాత్రమే. పొద్దున పట్టించిన దాంట్లో 16 పాయింట్లు సారపాక గాలిలో కలిసిపోయాయి.

పూర్వపక్షం ఇలా అంటుంది: '129 దగ్గర ఉంచితే టైరు పేలదా? 94 అయితే మెత్తగానైనా పోతుంది కదా.' ఇది విపరీత జ్ఞానం. వేడికి ఇంత పీడనం పెరుగుతుందని తెలిసే టైరు చేసినవాడు చల్లటి కొలత రాసిచ్చాడు. అసలు చేటు మెత్తదనంతోనే. గాలి తగ్గిన టైరు లోడు కింద ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ గోడల్లో వేడి పుడుతుంది, ఆ వేడికి రబ్బరూ తీగలూ విడిపోతాయి. భయపడి గాలి తీసినవాడు తాను భయపడిన చోటికే టైరును తోలుతున్నాడు. బిగుతైన టైరు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుందన్నది నిజమే; దానికి మందు పొద్దున సరిగ్గా కొలిచి పట్టడం, మధ్యాహ్నం తీయడం కాదు.

మరికొందరు పండితులు వాన్ డర్ వాల్స్‌ను తెచ్చి అడ్డం పెడతారు. నిజమైన వాయువుల అణువులకు పరిమాణం ఉంది, పరస్పర ఆకర్షణ ఉంది, కనుక సమీకరణం సవరించాలని ఆయన 1873లో చెప్పినది సత్యమే. అయితే ఎనిమిది తొమ్మిది వాతావరణాల పీడనం దగ్గర మామూలు గాలికి ఆ సవరణ నూటికి ఒకటి కూడా ఉండదు. మన గేజీ ముల్లు వణుకుడు అంతకంటే ఎక్కువ. పండితులకు నమస్కారం.

నైట్రోజన్ పట్టిస్తే ఈ బాధ ఉండదన్నది మరో ఆక్షేపం. గాలిలో నాలుగింట మూడు పాళ్లకు పైగా ఉన్నది అదే, పైగా రెండూ ఒకే సూత్రానికి కట్టుబడి వ్యాకోచిస్తాయి. తేడా తెచ్చేది తేమ. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదలకపోతే గాలితో పాటు అవీ టైరులోకి పోతాయి. నీరు వాయువు కాదు కనుక మన సూత్రానికి లొంగదు: 27 డిగ్రీల దగ్గర దాని ఆవిరి పీడనం అర పాయింటు, 72 దగ్గర ఐదుకు చేరువ. అంటే లోపల నీరు చాలినంత ఉంటే 129 మీద ఇంకో నాలుగున్నర దాకా. పొడి నైట్రోజన్ గొప్పంతా ఆ పొడితనంలో ఉంది. ట్యాంకు కింది కుళాయి రోజూ తిప్పి, గాలిని ఆరబెట్టే డబ్బా బిగించుకుంటే అందులో చాలా భాగం ఇక్కడే దక్కుతుంది.

చివరి ప్రశ్న: మిట్టమధ్యాహ్నం వచ్చిన లారీని చల్లబడేదాకా ఆపితే మిల్లు గేటు దగ్గర వరస పోతుంది, అప్పుడేం చేయాలి? వేడి టైరు 125, 130 చూపితే వాల్వు ముట్టవద్దు. 110 చూపితే మాత్రం అది సరిపోయిన టైరు కాదు, తగ్గిన టైరు. తమ్ముడు గొట్టం అందుకోవాలి.