వెనక పేజీలో పెన్సిల్ లెక్క

నేను స్టాండర్డ్ హెరాల్డ్ కారు బ్రోచరును. నాలుగు మడతల నున్నటి కాయితం.

నేను అచ్చయిన రోజుల్లో దేశంలో చెప్పుకోదగ్గ కార్లు మూడే. అంబాసిడర్ కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో, ఫియట్ బొంబాయిలో, మా హెరాల్డ్ మద్రాసులో తయారయ్యేవి. 1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డే 1961లో మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. దానికి రూపమిచ్చింది ఇటలీకి చెందిన మికెలోట్టి. 948 సీసీ ఇంజను. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకు వాలుతుంది. మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఆ బొమ్మ నా మూడో మడతలో ఉంది.

మద్రాసుకు పనిమీద వచ్చిన మదనపల్లె అయ్యవారొకరు నన్ను మడిచి జేబులో పెట్టుకున్నారు. రాత్రి అందరూ పడుకున్నాక నా వెనక పేజీ మీద పెన్సిలుతో లెక్క వేసేవారు. కారు ధర, పన్ను, జీతంలో మిగిలేది. చెరిపి, మళ్లీ రాసేవారు. చెరిపిన చోట కాయితం పలచబడింది. కారు మాత్రం ఆ ఇంటికి రాలేదు. ఆదివారాల్లో పిల్లలు నన్ను చాప మీద పరిచి, ఎవరు ఏ కిటికీ దగ్గర కూర్చోవాలో పంచుకునేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. ట్రంకు పెట్టె ఖాళీ చేసినప్పుడు పాత పుస్తకాలతో పాటు పుంగనూరు గుజరీ అంగడికి చేరాను. తక్కెడలో ఉండగా ఒకతను నన్ను చూశాడు.

"అన్నా, దీన్ని తూకంలో వేయొద్దు. విడిగా దుడ్డిస్తా."

అతనిది కుప్పం. తుప్పు పట్టిన హెరాల్డ్‌ను బాగు చేసుకుంటున్నాడు. చక్రాల మూతలు ఎలా ఉండేవో, ముందు మోనోగ్రామ్ ఎక్కడుండేదో చెప్పేవాళ్లు లేక నా కోసం వెతికాడట. అతని బీరువాలో నా జాతివాళ్లు చాలామందే ఉన్నారు. కొత్త కారు వచ్చినప్పుడు కంపెనీలు పత్రికలకు పంపిన కవర్లు, వాటిలో నలుపు తెలుపు ఫొటోలు, టైపు చేసిన వివరాలు. కార్లు పాత ఇనుములో కరిగిపోయినా, అవి పుట్టిన నాటి రూపం మా దగ్గర భద్రంగా ఉంది.

ఒకరోజు అతని స్నేహితుడు రబ్బరు తీశాడు. "ఈ గీతలు చెరిపేస్తే కొత్తదానిలా ఉంటుంది కదప్పా."

అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "కారును నేను బాగు చేస్తా. ఈ లెక్కను మళ్లా ఎవరు రాస్తారు?"

ఇప్పుడు ప్లాస్టిక్ కవరులో ఉన్నాను, వెనక పేజీ పైకి కనిపించేలా.