మూసీకి పాస్‌పోర్టు

2024లో మంత్రులు, అధికారులు, విలేకరులు హైదరాబాద్ నుంచి కట్టగట్టుకుని సియోల్ వెళ్లారు. అక్కడి చంగ్‌గ్యేచన్ వాగునూ, హాన్ నదినీ చూసొచ్చి మన మూసీ నదిని బాగుచేస్తారట. రోగిని మంచంలో వదిలేసి చుట్టాలంతా ఆసుపత్రికెళ్లి మందు తాగొచ్చినట్టుంది. ఆ టికెట్టేదో మూసీకే తీస్తే పోయేది కదా!

తీశామనే అనుకుందాం. పాస్‌పోర్టు ఆఫీసులో మొదటి కౌంటరు దగ్గరే పేచీ.

"పేరు?"

"మూసీ. పాత కాగితాల్లో ముచుకుంద."

"అఫిడవిట్ పట్రా. పుట్టిన ఊరు?"

"అనంతగిరి కొండలు, వికారాబాద్."

"ఇప్పటి చిరునామా?"

"ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా మాదే సార్. నడింట్లో మాత్రం ఇమ్లీబన్ బస్టాండు ఉంటోంది."

"కరెంటు బిల్లెవరి పేరు మీదుంది?"

మూసీ నోరెత్తలేదు.

పోలీసు వెరిఫికేషన్‌లో పాత కేసు బయటపడింది. 1908 సెప్టెంబరు 28 వరద, వేల ప్రాణాలు. "మరి బయటెలా తిరుగుతున్నావ్?" అంటే, "జామీను మీద సార్. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూచీ పడ్డాయి" అంది. (ఆ జామీనుదారులను కాపాడిన 111 జీవోకే దిక్కులేకుండా పోయింది, అది వేరే కథ.) ల్యాబ్ కుర్రాడు శాంపిల్ సీసా మూత తీసి, వెంటనే బిగించి, చూడకుండానే సంతకం పెట్టేశాడు. లగేజీలో గుర్రపుడెక్క దొరికితే "నాది కాదు సార్, నా మీదెక్కింది" అని మొత్తుకుంది.

ఎట్టకేలకు సియోల్. చంగ్‌గ్యేచన్ పక్కకు పిలిచి చెవిలో చెప్పింది: "అక్కా, నా నెత్తిన ఎక్స్‌ప్రెస్‌వే ఉండేది. 2003లో కూల్చడం మొదలెట్టారు, 2005కి బయటపడ్డా. నాలో రోజుకు పారే లక్ష టన్నుల పైచిలుకులో ఎక్కువ భాగం హాన్ నుంచి పంపులతో ఎక్కించిన నీళ్లే. మురుక్కి వేరే గొట్టాలు. ఫోటోలు దిగి పోతున్నారే మీవాళ్లు, వాళ్లకీ మాట చెప్పు."

చెప్తే వినేదెవరు? ఇక్కడ బాగుచేయడం మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద మొదలైంది. పుస్తెలమ్మి కట్టుకున్న రెండు గదుల మీద కూల్చివేత గుర్తుగా ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని గీసిపోయారు. గీసినవాళ్లు నాలుగడుగులు కిందికి దిగుంటే రాత్రీపగలూ మురుగు కక్కే నాలాల నోళ్లు కనబడేవి. ఆ మురుగే పిలాయిపల్లి కాలువ పట్టుకుని పోచంపల్లి వైపు వరిమళ్లలో పారుతోంది. ఆ రైతును ఏ విమానమూ ఎక్కించలేదు, ఆ గోడల వెనకున్న తల్లులనూ ఎవరూ అడగలేదు. రసాయనాలు వదిలే ఫ్యాక్టరీ గేటు మీద ఒక్క ఎర్ర గీత ఎందుకు పడలేదో, సియోల్ వెళ్లొచ్చినవారూ, ఇప్పటికైనా చెప్పండి. డబ్బాలో రంగు అయిపోయిందా?